పన్నెండు దాటాక

అక్టోబరు 4, ఆదివారం

వదినా,

క్షేమంగా చేరాను. ఈ ఒక్క ముక్క రాయడానికి వారం పట్టిందేమని నువ్వు కోప్పడతావని తెలుసు. అన్నయ్య చెల్లెల్ని కదా, ఆలస్యం మా పుట్టింటి సొత్తు.

పని బాగానే ఉంది. ఈ వసతిగృహంలో ఉండేవాళ్లందరూ ముసలమ్మలే. పొద్దున్నే దుప్పట్లు మార్చడం, స్నానాలు చేయించడం, మందులు ఇవ్వడం, జుట్టు దువ్వడం నా పని. నా పేరు పలకడానికి నోరు తిరగక ఒకామె నన్ను ‘హలో’ అని పిలుస్తోంది. నేనూ ఇప్పుడు హలో అంటే పలికేస్తున్నాను. ప్రతి అమ్మా ఇల్లు వదిలి వచ్చేటప్పుడు గోడగడియారం వెంట తెచ్చుకున్నట్టుంది. వరండా పొడుగునా గడియారాలే, నడిచేది మాత్రం ఒక్కటీ లేదు. గడియారాలు బాగుచేసే అన్నయ్య చూస్తే కన్నీళ్లు పెట్టుకుంటాడు.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు భయం బయట ఉంది.

ఈ ఇల్లు చిన్న దీవి మీద ఉందని చెప్పారు కానీ, దీవికి దారి ఎలా ఉంటుందో చెప్పలేదు. పడవ కాదు, వంతెన కాదు. సముద్రం అడుగునే రాళ్లు పరిచి వేసిన రోడ్డు. నడిస్తే అరగంట. ఆటు వచ్చినప్పుడు రోడ్డు బయటపడుతుంది, పోటు వచ్చినప్పుడు మునిగిపోతుంది. రోజుకి రెండుసార్లు ఇదే వరస. పైగా ఆ వేళలు రోజూ కాస్త కాస్త జరుగుతుంటాయి. ఇవాళ మధ్యాహ్నం దారి ఉందంటే, వారం తిరిగేసరికి అదే మధ్యాహ్నం మనిషి లోతు నీళ్లుంటాయి. అందుకని ఒక తాత రోజూ పొద్దున్నే రెండు చివర్లా పలకలాంటి బోర్డు మీద సుద్దతో ఆ రోజు వేళలు రాస్తాడు. అందరూ ఆయన్ని బోర్డు తాత అంటారు.

నిన్న ఒకమ్మకి ఉన్ని కావాలంటే అవతలి ఒడ్డుకి వెళ్లాను. సాయంత్రం అయిదింటికి తిరిగి వస్తూ బోర్డు చూస్తే ‘షట్ అంటిల్ సిక్స్’ అని ఉంది. ఆరింటికి మూసేస్తారు కాబోలు, ఇంకా గంట టైముందని దిగాను. రోడ్డు రెండు కొసలా ఎత్తు, మధ్యలో పళ్లెంలా పల్లం. అడుగు పెట్టే చోట పొడిగానే ఉంది. సగం దూరం పోయేసరికి నీళ్లు మోకాలికి వచ్చాయి. వెనక్కి తిరిగితే దారి ఎటో తెలియలేదు వదినా. పోస్టు వ్యాను డ్రైవరు ఒడ్డు నుంచి హారను మోగిస్తూ, అరుస్తూ ఉంటే ఆ మోత పట్టుకుని ఒడ్డుకి వచ్చాను. రాత్రంతా అరికాళ్ల కింద నీళ్లు కదులుతున్నట్టే ఉంది.

నువ్వు ఊళ్లో పెద్దవాళ్లందరికీ ఇంగ్లీషు చెబుతావు, నాకూ చెప్పి పుణ్యం కట్టుకో. అంటిల్ అంటే ఏమిటి, బై అంటే ఏమిటి? నా చెవికి రెండూ ‘వరకు’ లాగే వినిపిస్తున్నాయి.

నా చిట్టితల్లి ఉడుత ఎలా ఉంది? దాని జడ గట్టిగా లాగి వేయకు, ఏడుస్తుంది.

నీ మరదలు

—

అక్టోబరు 8, గురువారం

మరదలా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే, మోకాలి లోతు నీళ్ల దగ్గర ఆయన చేతిలో ఉన్న స్క్రూ కింద పడిపోయింది. అది ఎంత చిన్నదంటే ఇల్లంతా ఊడ్చినా దొరకలేదు. ఎవరిదో గడియారం నీ పుణ్యాన ఆగిపోయింది.

ఇక పాఠం. వంద మందికి చెప్పాను, నూట ఒకటో దానివి నువ్వు.

అంటిల్ అంటే దాకా. ఆ గంట దాకా ఆ సంగతి అలాగే సాగుతూ ఉంటుంది. షట్ అంటిల్ సిక్స్ అంటే ఆరు దాకా మూసే ఉంటుంది, ఆరు తర్వాతే తెరుచుకుంటుంది. నువ్వు సరిగ్గా తిరగేసి చదివావు. బై అంటే కల్లా. ‘బి హోమ్ బై సిక్స్’ అంటే ఆరింటికల్లా ఇంట్లో ఉండు, ముందే వచ్చినా తప్పులేదు. మీ అన్నయ్యకి ఈ బై అనే మాట ఏ భాషలోనూ తెలియదు.

ఇంకో గొయ్యి కూడా చూసుకో. ‘ఇన్ టెన్ మినిట్స్’ అంటే పది నిమిషాలు గడిచాక. ‘వితిన్ టెన్ మినిట్స్’ అంటే ఆ పది నిమిషాల లోపల ఎప్పుడైనా. మనం రెండిటికీ ‘పది నిమిషాల్లో’ అనేసి, తీరిగ్గా గంటకి వస్తాం. అలాగే ఆన్ టైమ్ వేరు, ఇన్ టైమ్ వేరు. చెప్పిన గంటకి వస్తే ఆన్ టైమ్. కొంప మునగకముందు వస్తే ఇన్ టైమ్. మా పెళ్లికి మీ అన్నయ్య ఆన్ టైమ్ రాలేదు, ఏదో ఇన్ టైమ్ వచ్చారు. ‘ఆలస్యం అమృతం విషం’ అని నేనంటే, ‘నిదానమే ప్రధానం’ అని ఆయనంటారు. ఈ రెండు సామెతలతోనే మా కాపురం నడుస్తోంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చెబుతా విను. ఏ మాటా తెలుగులోకి మార్చుకుని ఆలోచించకు. అక్కడే నువ్వు బోల్తాపడుతున్నావు. ఇంగ్లీషు మాటని ఇంగ్లీషులోనే మనసులో పెట్టుకో, అలాగే ఆలోచించు.

ఉడుత సంగతి రాయకూడదనుకున్నాను. వాళ్ల నాన్న పోయినప్పుడు కూడా ఇంత బెంగ పెట్టుకోలేదు. వాకిట్లో కూర్చుని వచ్చేపోయే వాళ్లని చూస్తుంది. మొన్న ‘అత్తా, అమ్మ కూడా నాన్నలాగే వెళ్లిందా?’ అని అడిగింది. బడికి సెలవులిచ్చారు. ఒక్కసారి నిన్ను కళ్లారా చూస్తే కుదుటపడుతుంది. అక్కడ అందరినీ చూసుకునే మీ మేట్రన్‌ని అడిగి చూడు. నాకు క్లాసులున్నాయి, మీ అన్నయ్యే తీసుకొస్తారు.

నీళ్ల దగ్గర జాగ్రత్త. నిజంగానే చెబుతున్నాను, నాకు భయంగా ఉంది.

మీ అన్నయ్యని కట్టుకున్న పాపానికి నీకు వదిననైన
నేను

—

అక్టోబరు 12, సోమవారం

వదినా,

మేట్రన్ ఒప్పుకుంది! పిల్లలని ఇక్కడ ఉండనివ్వరట కానీ, మా హలో అమ్మ నా తరఫున గట్టిగా చెప్పింది. వచ్చే శనివారం తీసుకురమ్మన్నారు. నా గదిలోనే ఉండొచ్చు. అన్నయ్యకి కింద తోటమాలి గదిలో మంచం వేస్తారు.

సంతోషంతో పాటు భయం కూడా ఉంది. ఆ రోడ్డు మీద నా పిల్ల నడుస్తుందంటే నాకు ఊపిరి ఆడటం లేదు. అందుకని బోర్డు తాత దగ్గర కూర్చుని ఆ రోజు వేళలు అడిగి మరీ రాస్తున్నాను. పదకొండున్నరకి నీళ్లు తీస్తాయి. సాయంత్రం అయిదు దాకా దారి ఉంటుంది. అయినా కాస్త ఆగి, పన్నెండు దాటాక దిగమను. బస్సు పన్నెండుకి కాస్త ముందు దింపుతుంది. దిగే చోట ఒకే ఒక టీ దుకాణం ఉంది, అందులో కూర్చోమను. పన్నెండు దాటకుండా రోడ్డు దాటొద్దు. పన్నెండు దాటాక ఆగొద్దు. ఇది అన్నయ్యకి వందసార్లు చెప్పు. ఊరందరి గడియారాలు బాగుచేసే మనిషి తన చేతికి గడియారం పెట్టుకోడు కదా, ఎవరినైనా టైము అడగమను.

అన్నయ్య దాని చెయ్యి వదలకూడదు. ఇదొక్కటీ చాలు నాకు.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను వదినా. మనసులో తెలుగు రానివ్వడం లేదు. మేట్రన్ ఏ మాటంటే ఆ మాటే పట్టుకుని, అలాగే అర్థం చేసుకుంటున్నాను. ఈ వారంలో ఒక్క తప్పు చేయలేదు. నిన్న ఆమె నన్ను మెచ్చుకుంది కూడా. గురుదక్షిణగా నీకు ఉన్ని కండువా అల్లుతున్నాను.

ఉడుతకి ముద్దులు. వానకి ఏదైనా వేసి పంపు, ఇక్కడ ముసురు పడుతోంది.

నీ శిష్యురాలు, మరదలు

—

అక్టోబరు 15, గురువారం

మరదలా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. వచ్చే శనివారం అంటే ఎల్లుండే కదే! ఇంత హడావిడి పెడితే ఎలా? ఇల్లంతా గందరగోళంగా ఉంది. బట్టలు సర్దుతూ ఒక చేత్తో ఇది రాస్తున్నాను. ఇవాళ సాయంత్రం టపాలో వేస్తే శనివారం పొద్దున్నే నీ చేతికి వస్తుందట. పిల్లకంటే ముందు కబురు చేరాలి కదా.

ఉడుత ఆనందం చెప్పలేను. నువ్వు వెళ్లిన దగ్గర్నుంచి మొదటిసారి కడుపు నిండా తిన్నది. బజారుకి తీసుకెళ్లి ఎర్ర గొడుగు కొన్నాను. ఇంట్లో కూడా వేసుకుని తిరుగుతోంది. ఎంత దూరం నుంచైనా అమ్మకి కనపడాలట.

మీ అన్నయ్యకి వందసార్లు కాదు, నూట పదహార్లు చెప్పాను. ఆయనతో అప్పచెప్పించుకున్నాను కూడా. పన్నెండు దాటకుండా దిగను, పన్నెండు దాటగానే దిగుతాను, పిల్ల చెయ్యి వదలను. ‘బోర్డు మీద ఇంకేదైనా ఉంటేనో?’ అని అడిగారు. బోర్డు చదవడం మీవల్ల కాదు, చెల్లెలి ఉత్తరమే మీ బోర్డు అన్నాను. ఈ ఒక్కసారైనా ఆన్ టైమ్ ఉండకపోతే ఇంటికి రావద్దని కూడా చెప్పాను. మరీ ఘాటుగా అన్నానేమో, పాపం, స్క్రూలూ మరలూ ఉన్న పెట్టె తీసి సంచిలో సర్దుకున్నారు. ఎక్కడికెళ్లినా ఆ పెట్టె లేనిదే ఆయనకి తోచదు.

సోమవారంకల్లా తిరిగి పంపించు. వాళ్లు లేని ఇల్లు ఎలా ఉంటుందో తలుచుకుంటేనే నాకు దిగులుగా ఉంది.

హడావిడిలో
వదిన

—

అక్టోబరు 17, శనివారం

వదినా,

ఏం చేశావు వదినా. ఏం చేశాను నేను.

వచ్చే శనివారం అంటే ఇవాళ కాదు. ఇరవై నాలుగు. మేట్రన్ ‘నెక్స్ట్ సాటర్‌డే’ అంది. దగ్గర్లో ఉన్నది దిస్ సాటర్‌డే, దాని తర్వాతది నెక్స్ట్. అదే మాట నేను బుర్రలో పెట్టుకుని, బోర్డు తాత దగ్గర ఇరవై నాలుగో తారీఖు వేళలు అడిగి, నీకు తెలుగులో ‘వచ్చే శనివారం’ అని రాశాను. తెలుగులో వచ్చే శనివారం అంటే ముందు వచ్చేదే కదా. నువ్వు తెలుగులో చదివావు. నేను ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో రాశాను. తారీఖు వేయాలని నాకెందుకు తోచలేదు?

ఇవాళ దారి పదకొండున్నర దాకానే ఉంది. పదకొండున్నరకి మధ్యలో నీళ్లు చేరడం మొదలవుతుంది. పన్నెండుకి కొసలు రెండూ పొడిగా ఉంటాయి. చూసినవాళ్లెవరైనా దిగుతారు. నేనే దిగమన్నాను. పన్నెండు దాటాక ఆగొద్దన్నాను.

నీ ఉత్తరం పొద్దున్నే వచ్చిందట. భోజనాలయ్యాక మేట్రన్ చేతికిచ్చింది. ‘ఎల్లుండే కదే’ అన్న మాట చదివేసరికి ఒంటిగంట కావస్తోంది. ఎలా పరిగెత్తానో తెలియదు. రోడ్డు లేదు. బూడిదరంగు నీళ్లు, ముసురు. తాత తన దుర్భిణి కిందికి దించి, పన్నెండుకి ముందు అవతల బస్సు ఆగిందనీ, ఒక పొడుగాటి మనిషి, పక్కన ఎర్ర గొడుగు కనపడ్డాయనీ చెప్పాడు. తర్వాత ఆయన అన్నం తినడానికి లోపలికి వెళ్లాడట. ఇప్పుడు దుర్భిణిలో అవతలి ఒడ్డు కనపడటం లేదు.

ఎర్ర గొడుగు నీళ్లలో ఉంది వదినా. బోర్లా పడి తిరుగుతోంది. దాని కింద ఏమీ లేదని తాత అంటున్నాడు. అది మంచిదో చెడ్డదో నాకు అర్థం కాలేదు.

మేట్రన్ ఫోన్లు చేసింది. అవతల టీ దుకాణంలో ఫోను లేదు. రక్షణ పడవ ఇంకెక్కడికో వెళ్లిందట, బై సిక్స్ రావడానికి చూస్తామన్నారట. రోడ్డు అంటిల్ సిక్స్ తెరుచుకోదు. ఇప్పుడు నాకు ఆ రెండు మాటలూ బాగా తెలిశాయి. ఆరింటికల్లా తెలిసిపోతుంది. ఆరు దాకా ఏమీ తెలియదు.

రెండుసార్లు నీళ్లలోకి దిగాను. తాత, తోటమాలి పట్టుకొచ్చారు. మేట్రన్ నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చేతిలో కాగితం కలం పెట్టింది. ఏదో ఒకటి రాస్తూ ఉండు అంది. హలో అమ్మ నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఈ ఇంట్లో ఇన్ని గడియారాలున్నాయి, ఇప్పుడు ఎంతయిందో ఒక్కటీ చెప్పదు.

అమ్మ కూడా నాన్నలాగే వెళ్లిందా అని అడిగిందన్నావు. అది రావడానికి నేను గంట చెప్పాను వదినా. తల్లినై ఉండి గంట చెప్పాను.

వెలుతురు తగ్గుతోంది. తాత కేక వేస్తున్నాడు. రోడ్డు వీపు బయటపడిందట. దాని మీద ఎవరో

—

అక్టోబరు 20, మంగళవారం

మరదలా,

‘ఎవరో’ దగ్గర ఆపేశావు. కాగితం తిప్పి చూశాను. కవరు చింపి లోపల చూశాను. ఇంకేమీ లేదు.

సోమవారంకల్లా వస్తారన్న వాళ్లు రాలేదు. మీ అన్నయ్య కదా, రైలు తప్పిపోయి ఉంటుందనుకుని రాత్రంతా నవ్వుకుంటూనే తిట్టుకున్నాను. పొద్దున్న ఈ కవరు వచ్చింది.

పోస్టాఫీసుకి పరిగెత్తి మీ మేట్రన్‌కి ఫోను కలిపించాను. లైనంతా గరగర. ఎవరో పలికారు. నేను పదేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. నా నోట్లోంచి తెలుగే వచ్చింది, అదీ ఏడుపుతో కలిసి. ఆవిడేదో చెప్పింది. నాకు వినపడ్డది రెండు ముక్కలే. ‘నాట్’ అంది. తర్వాత గరగర. ‘అంటిల్ సండే’ అంది. లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

ఏమిటది? ఏది నాట్? ఆదివారం దాకా రారా? ఆదివారం దాకా దొరకలేదా? ఏ ఆదివారం, గడిచిందా, రాబోయేదా? నాట్ అంటిల్ అంటే ఏమిటో బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. ఇవాళ అదే ముక్క నోట్లో పెట్టుకుని ఇంటికి నడిచాను, అర్థం మాత్రం రావడం లేదు. నా చదువు మండిపోను.

ఆన్ టైమ్ ఉండకపోతే ఇంటికి రావద్దన్నాను ఆయన్ని. చెల్లెలి ఉత్తరమే మీ బోర్డు అన్నాను. ఆయన ఎప్పుడూ నా మాట వినరు. ఈసారి విని ఉంటేనో?

దాని జడ రిబ్బను కుర్చీకి వేలాడుతోంది. అటు చూడలేకపోతున్నాను.

గురువారం దాకా రైలు లేదట. గురువారం ఎక్కుతాను. నువ్వు బతికి ఉంటే ఒక్క మాట రాయి. వాళ్లు ఉన్నారనో, లేరనో.

వదిన

—

అక్టోబరు 21, బుధవారం

వదినా, వదినా,

ఇద్దరూ క్షేమం. ఈ ఉత్తరం కంటే ముందు తంతి అంది ఉంటుంది. అందులోనూ ‘ఇద్దరూ క్షేమం’ అని రెండే మాటలు కొట్టించాను. ఏ అంటిల్‌కీ ఏ బైకీ చోటు పెట్టలేదు.

నిన్న ఎవరో ఆడమనిషి ఫోనులో ఏడ్చిందనీ, మాట తెలియలేదనీ మేట్రన్ ఇవాళ టిఫిన్ దగ్గర మామూలుగా చెప్పింది. నా చేతిలో ట్రే జారిపోయింది. నీకు నా ఉత్తరం ఎలా చేరిందా అని ఆరా తీస్తే, ఆవిడే పోస్టులో వేసిందట. తెలుగు తెలియదు కదా, నిండిన కాగితం చూసి పూర్తయిందనుకుంది. ఆదివారం నీకు వివరంగా వేరే ఉత్తరం రాసి, పోస్టు చేయమని అన్నయ్యకిచ్చాను. ఇప్పుడు అడిగితే కోటు జేబులోంచి తీశాడు. వాణ్ని ఏం చేయాలో నువ్వే చెప్పు. భాష విని, మన వాళ్ల కోసమే అనుకుని ఆవిడ నీతో అన్నది ‘దే ఆర్ నాట్ లీవింగ్ అంటిల్ సండే’. ఆదివారం దాకా ఇక్కడే ఉంటారు, ఆ తర్వాతే బయల్దేరతారు. అంతే వదినా.

ఇక జరిగింది విను. బస్సు దిగి ఇద్దరూ టీ దుకాణంలోకి వెళ్లారు. గోడ మీద గడియారం చూస్తే పన్నెండుకి ఇంకా పది నిమిషాలుంది. పన్నెండు దాటకుండా దిగొద్దన్నావు కదా, అన్నయ్య బుద్ధిగా కూర్చున్నాడు. పాలు తాగడం అయింది, బన్ను తినడం అయింది, గడియారంలో ఇంకా పది నిమిషాలే ఉంది. అప్పుడు దానికి చెవి ఆనించి చూస్తే అది ఎప్పుడో ఆగిపోయి ఉంది.

వేరే ఎవరైనా అయితే దుకాణం ఆమెని టైము అడిగి బయల్దేరేవాళ్లు. మన వాడు గడియారం కిందికి దించి, పెట్టె తెరిచాడు. ‘దీన్ని నడిపిస్తా, ఇది పన్నెండు కొట్టగానే బయల్దేరదాం’ అన్నాడట ఉడుతతో. మరలన్నీ బల్ల మీద పరిచి లోకం మరిచిపోయాడు.

పిల్ల చెయ్యి వదలనన్నాడు కదా, వదిలాడు. రెండు చేతులూ ఆ గడియారంలో ఉన్నాయి. ఉడుత విసుగొచ్చి గొడుగు వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. గాలికి గొడుగు ఎగిరి రోడ్డు మీద పడింది. దాని వెనక పరిగెత్తింది వదినా. రోడ్డు మీదికి. దుకాణం ఆమె చూసి, గంటె చేతిలో పట్టుకునే వెళ్లి జడ పట్టుకుని లాక్కొచ్చిందట. నేను నీకు చెబుతుంటానే, జడ గట్టిగా లాగొద్దని. ఆమె కాళ్లకి దండం పెట్టాలనుంది.

అన్నయ్య గడియారం పన్నెండు కొట్టేసరికి నిజం టైము ఒంటిగంటన్నర. బయటికి వచ్చి చూస్తే ఎదురుగా సముద్రం ఉంది. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడని ఉడుత చెప్పింది. ‘మావయ్య పెద్దాడయి కూడా ఏడ్చాడమ్మా’ అంది.

ఆరింటికి తాత కేకేసిన ‘ఎవరో’ వీళ్లే. పోస్టు వ్యాను ముందు నడుచుకుంటూ వచ్చారు. ఈసారి అన్నయ్య దాన్ని భుజాల మీద ఎక్కించుకున్నాడు. నేను సగం దారిలోనే ఎదురెళ్లాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు. మొదట అన్నయ్యని కొట్టాననీ, తర్వాత కావలించుకున్నాననీ తోటమాలి చెబుతున్నాడు.

ఉడుత నా కొంగు వదలడం లేదు. నీళ్ల వైపు కిటికీ తీయనివ్వదు. నాకూ తీయాలని లేదు. అన్నయ్య వరండాలో గడియారాలు ఒక్కొక్కటీ నడిపిస్తున్నాడు, అందుకే మేట్రన్ ఆదివారం దాకా ఉండమంది. ఇప్పుడవి ఒకదాని తర్వాత ఒకటి గంటలు కొడుతుంటే అమ్మలందరూ నవ్వుతున్నారు. నేను మాత్రం పన్నెండు కొట్టినప్పుడల్లా ఎక్కడున్నా ఆగిపోతున్నాను.

అక్టోబరు 25న, ఆదివారం మధ్యాహ్నం దారి తెరుచుకోగానే, తాతే స్వయంగా అవతలి ఒడ్డున దింపుతాడు. తారీఖు మళ్లీ చదువు వదినా. అక్టోబరు 25.

నీ మరదలు

—

అక్టోబరు 26, సోమవారం

మరదలా,

వచ్చారు. నిన్న రాత్రి రావాల్సిన వాళ్లు ఇవాళ పొద్దున్న వచ్చారు. రైలు మారే చోట స్టేషను గడియారం రెండు నిమిషాలు వెనక ఉందట, ఆ సంగతి స్టేషను మాస్టరుకి అర్థమయ్యేలా చెప్పేలోపు రైలు వెళ్లిపోయిందట.

రాత్రంతా నేను పడ్డ భయం పగవాళ్లకి కూడా వద్దు. తంతి తీసి మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ‘ఇద్దరూ క్షేమం’ అన్నది బుధవారం మాట, ఇవాళ్టికి పనికొస్తుందా అనుకున్నాను. తెల్లారి తలుపు చప్పుడైంది. తీసేసరికి అలవాటైన మాట నోటి దాకా వచ్చింది, ‘ఎందుకింత ఆలస్యం’ అని. సగంలో ఆగిపోయాను. ‘ఆలస్యం...’ అని మీ అన్నయ్యే అందుకుని, ‘అమృతం’ అని ఊరుకున్నారు. విషం అనే ముక్క ఇద్దరం అనలేదు. గుమ్మంలోనే నిలబడి ఏడ్చేశాను. ఇకమీదట తిట్టను. ఉత్తదే, నెల తిరిగితే తిడతాను, నువ్వేమీ నమ్మకు.

సాయంత్రం క్లాసులో ఎవరో ఆన్ టైమ్‌కీ ఇన్ టైమ్‌కీ తేడా మళ్లీ చెప్పమన్నారు. చాక్‌పీసు పట్టుకుని బోర్డు వైపు తిరిగాను. ‘మా ఆయన ఆన్ టైమ్ బయల్దేరలేదు’ అని రాసి, రెండో వాక్యం రాయలేకపోయాను. వెనక అందరూ చూస్తున్నారు. ఇవాళ్టికి చాలు, వెళ్లండన్నాను. నీకు ఇంగ్లీషులో ఆలోచించమని చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఏ భాషలో ఆలోచించినా సరే, తారీఖు వేసి ఆలోచించు.

ఉడుత స్నానానికి రావడం లేదు. బకెట్లో నీళ్లు చూస్తే వెనక్కి వెళుతోంది. కాస్త కాస్తగా పోతుందిలే, నేను చూసుకుంటాను. మధ్యాహ్నం పడుకోబెడుతుంటే, ‘అమ్మ ఎప్పుడొస్తుంది అత్తా?’ అంది. ఎంత బుద్ధి తక్కువ దాన్నో చూడు, ‘వచ్చే శనివారం ఉత్తరం రాస్తుంది, అందులో చెబుతుందిలే’ అన్నాను. దుప్పట్లోంచి లేచి కూర్చుంది. నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని అడిగింది.

‘ఏ వచ్చే శనివారం అత్తా?’

నువ్వు ఎప్పుడొస్తావో తారీఖు రాయి. గోడ మీద క్యాలెండరు దాని ఎత్తుకి దించి పెట్టాను.

వదిన